ఇంజను వదిలే ఊపిరి

ఉచ్ఛ్వాసం, నిశ్వాసం అనే మాటల్ని తెలుగు తరగతిలో మనం ఎప్పుడూ జంటగానే చదువుతాం. పీల్చిన గాలిని వదలకపోతే మళ్ళీ పీల్చడం కుదరదని మూడో తరగతి పిల్లలకూ తెలుసు. కార్ల సంగతి వచ్చేసరికి మాత్రం ఈ జంటలో ఒకటే గుర్తుంటుంది. టర్బో ఎంత గాలిని లోపలికి తోస్తుంది, బూస్టు ఎంత పెంచారు, హార్స్‌పవర్ ఎంత పెరిగింది అనే కబుర్లు పెద్ద తరగతుల విద్యార్థుల నోట రోజూ వింటూనే ఉంటాం. ఆ ఇంజను గాలిని ఎటు వదులుతుందని అడిగితే, "సైలెన్సర్ లోంచి" అని జవాబు వస్తుంది. అది సగం జవాబే. సైలెన్సర్ కాక ఇంజనుకు మరో నిశ్వాసం ఉంది. దాని దారి వేలెడు లావు గొట్టం మాత్రమే. బలం పెంచిన ఇంజన్లలో ఈ చిన్న దారిని పట్టించుకోకపోతే పెద్ద నష్టమే జరుగుతుంది. ఆ దారి ఏమిటి, ఎందుకు చాలకుండా పోతుంది, దాన్ని ఎలా బాగుచేస్తారు అన్నవి ఈ వ్యాసంలో చూద్దాం.

పిస్టన్ పక్కనుంచి జారే వాయువు

సిలిండరులో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం మండినప్పుడు పుట్టే పీడనం పిస్టన్‌ను కిందికి తోస్తుంది. పిస్టన్ కింద క్రాంక్‌షాఫ్ట్ తిరిగే గదిని క్రాంక్‌కేసు అంటారు. దాని అడుగున ఇంజన్ ఆయిల్ నిలవ ఉండే తొట్టి ఉంటుంది. పైన మంట, కింద నూనె, ఈ రెంటి మధ్య అడ్డుగోడ పిస్టన్, దాని చుట్టూ ఉండే రింగులు.

రింగు పూర్తి వలయం కాదు. వేడెక్కినప్పుడు వ్యాకోచించడానికి దానిలో ఒకచోట చిన్న కోత వదులుతారు. రింగులు ఎంత బిగువుగా కూర్చున్నా ఆ కోత గుండా, అంచుల పక్కగా కొంచెం వాయువు కిందికి జారుతూనే ఉంటుంది. పుస్తకాలు దీన్ని బ్లో-బై అంటాయి. మన షెడ్లలో మెకానిక్కులు "బ్యాక్ కంప్రెషన్" అంటారు. కొత్త ఇంజనులోనూ ఇది కొద్దిగా ఉంటుంది. రింగులు అరిగేకొద్దీ పెరుగుతుంది. బాగా పెరిగితే "బండి బోరుకొచ్చింది" అంటారు.

ఎంత జారుతుందో ఒక నిజమైన ఇంజనును తీసుకుని లెక్క వేద్దాం. జపాను కంపెనీ మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ అనే కారులో 1992 నుంచి 2007 వరకు 4జీ63 అనే టర్బో ఇంజను వాడింది. 1996 నుంచి 1999 వరకు వరసగా నాలుగేళ్ళు ప్రపంచ ర్యాలీ చాంపియన్ అయిన ఫిన్లండ్ డ్రైవరు టామీ మాకినెన్ నడిపిన కార్లలో ఉన్నది ఈ కుటుంబపు ఇంజనే. నాలుగు సిలిండర్లు, మొత్తం 1997 సీసీ, అంటే దాదాపు 2 లీటర్లు. దీని బలాన్ని పెంచుకునేవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు కాబట్టి మన ఉదాహరణకు ఇది సరిపోతుంది.

నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకసారి తన మొత్తం ఘనపరిమాణానికి సరిపడా గాలి పీలుస్తుంది. నిమిషానికి 6000 చుట్లు తిరిగితే 3000 సార్లు 2 లీటర్లు, అంటే 6000 లీటర్లు. టర్బో ఆ గాలిని వాతావరణ పీడనానికి రెట్టింపు పీడనంలో నింపితే సుమారు 12,000 లీటర్ల గాలి లోపలికి పోయినట్టు. అందులో నూటికి ఒక్క వంతు రింగుల పక్కనుంచి జారిందనుకుందాం. నిమిషానికి 120 లీటర్లు, సెకనుకు 2 లీటర్లు. రెండు పెద్ద నీళ్ళ సీసాలు పట్టేంత వాయువు ప్రతి సెకనూ క్రాంక్‌కేసులోకి దిగుతోందన్నమాట. దానికి బయటికి పోయే దారి కావాలి.

దారి లేకపోతే ఏమవుతుంది?

ప్రెషర్ కుక్కర్ మూత మీద వెయిట్ ఉండే రంధ్రానికి పప్పు అడ్డుపడితే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఆవిరి ఆగదు, బలహీనంగా ఉన్న చోటు వెతుక్కుంటుంది. క్రాంక్‌కేసులోనూ అంతే. క్రాంక్‌షాఫ్ట్ బయటికి వచ్చే రెండు కొసల దగ్గరా రబ్బరు ఆయిల్ సీళ్ళు ఉంటాయి. అవి నూనెను ఆపడానికి పెట్టినవే గాని పీడనాన్ని ఆపడానికి కాదు.

లోపల వాతావరణ పీడనంలో పదో వంతు మాత్రమే అదనంగా చేరిందనుకోండి. వినడానికి చిన్న సంఖ్యే. కాని ఒక్కో చదరపు సెంటీమీటరు మీద అది సుమారు 100 గ్రాముల బరువుతో సమానం. 30 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఆయిల్ తొట్టి మీద మొత్తం 60 కిలోల తోపు పడుతుంది. ఒక పెద్దమనిషి లోపల నిలబడి తొక్కుతున్నట్టే. అప్పుడు సీళ్ళ అంచుల నుంచి నూనె కారుతుంది, ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తన గొట్టంలోంచి పైకి లేచి వస్తుంది, హెడ్ కవరు చుట్టూ ప్యాకింగు చెమర్చినట్టు తడిగా ఉంటుంది. సీలు మార్చినా నెల తిరక్కుండా మళ్ళీ కారుతుంది. సీలులో లోపం లేదు, లోపలి పీడనంలో ఉంది. ఇది తెలియక సీళ్ళ మీద సీళ్ళు మార్చేవాళ్ళు చాలామంది.

పీడనం ఒక్కటే కాదు, జారిన వాయువులో ఏముందో కూడా చూడాలి. మండకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి, మంట వల్ల పుట్టిన నీటి ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు, బొగ్గుపులుసు వాయువు అన్నీ ఉంటాయి. వాటిని ఎప్పటికప్పుడు ఊడ్చేయకపోతే నీరు నూనెలో కలిసి చిక్కటి బురద అవుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు నీటితో చేరి ఆమ్లాలై బేరింగులను తింటాయి. పెట్రోలు నూనెను పల్చబరుస్తుంది. కాబట్టి గాలిని వదలడం ఎంత ముఖ్యమో, లోపలి గదిని కొత్త గాలితో కడుగుతూ ఉండడమూ అంతే ముఖ్యం.

రోడ్డు మీదికి వదిలిన రోజులు

పాత కార్లలో దీనికి చాలా సులువైన ఉపాయం ఉండేది. క్రాంక్‌కేసు నుంచి ఒక గొట్టం కిందికి దింపి, కొసను రోడ్డు మీద గాలి ఒరిపిడికి వదిలేసేవారు. బండి కదులుతున్నప్పుడు కొస దగ్గర పీడనం తగ్గి లోపలి వాయువు బయటికి వచ్చేది. బండి ఆగితే ఆ పీల్పు ఉండదు. వదిలిన పొగంతా నేరుగా ఊరి గాలిలో కలిసేది.

1943 వేసవిలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరాన్ని కళ్ళు మండించే పొగమంచు కమ్మింది. అది ఏమిటో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. దాని గుట్టు విప్పినవాడు ఆరీ హాగెన్-స్మిట్ అనే డచ్చి రసాయన శాస్త్రవేత్త. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ సంస్థలో అనాస పండు వాసన దేనివల్ల వస్తుందో పరిశోధిస్తున్న మనిషి ఆయన. పండు వాసన పట్టే పరికరాలతోనే నగరపు గాలిని పట్టి చూశాడు. మండని పెట్రోలు ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్‌ను పుట్టిస్తున్నాయని 1950ల మొదట్లో తేల్చి చెప్పాడు.

అప్పటి కారు వదిలే పెట్రోలు ఆవిర్లలో దాదాపు ఐదో వంతు సైలెన్సర్ నుంచి కాదు, క్రాంక్‌కేసు గొట్టం నుంచే వచ్చేది. దాన్ని ఆపడం అన్నిటికంటే సులువు కూడా. అందుకే కార్ల కాలుష్యాన్ని తగ్గించడానికి మొట్టమొదట వచ్చిన పరికరం ఇక్కడే బిగించారు. దాని పేరు పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్, క్లుప్తంగా పీసీవీ. కాలిఫోర్నియాలో అమ్మే 1961 మోడలు కార్లకు మొదట వచ్చింది, 1963 మోడలు నాటికి అమెరికా అంతటా వ్యాపించింది. రోడ్డు మీదికి వదిలే పొగను తిరిగి ఇంజను నోట్లోకే పంపి కాల్చేయడం దాని కిటుకు.

పీసీవీ పనిచేసే తీరు

టర్బో లేని ఇంజనులో ఇది ఎలా పనిచేస్తుందో ముందు చూద్దాం. ఇంజను గాలి పీల్చుకునే గొట్టంలో థ్రాటిల్ అనే తలుపు ఉంటుంది. మనం యాక్సిలరేటరు తొక్కినప్పుడు తెరుచుకునేది అదే. తలుపు దాటాక ఉండే భాగం ఇన్‌టేక్ మానిఫోల్డు. తలుపు మూసి ఉన్నప్పుడు పిస్టన్లు పీలుస్తూనే ఉంటాయి కాబట్టి మానిఫోల్డులో పీడనం బాగా తగ్గిపోతుంది. మూతి మూసిన స్ట్రాను గట్టిగా పీల్చినట్టు.

హెడ్ కవరు నుంచి మానిఫోల్డుకు ఒక గొట్టం వేసి, మధ్యలో స్ప్రింగు మీద ఆడే చిన్న బిరడా ఉన్న వాల్వు పెడతారు. అదే పీసీవీ వాల్వు. బండి నిలబడి ఉన్నప్పుడు పీల్పు ఎక్కువ కాబట్టి బిరడా ముందుకు జరిగి దారిని సన్నం చేస్తుంది. అప్పుడు జారే వాయువూ తక్కువే. మామూలు వేగంలో పీల్పు తగ్గుతుంది, స్ప్రింగు బిరడాను వెనక్కి నెడుతుంది, దారి వెడల్పవుతుంది. అవసరానికి తగ్గట్టు దారి దానంతట అదే మారుతుందన్నమాట.

రెండో గొట్టం ఒకటి ఎయిర్ ఫిల్టరు తర్వాతి గాలి గొట్టం నుంచి హెడ్ కవరుకు వస్తుంది. దీని గుండా శుభ్రమైన గాలి లోపలికి వచ్చి, క్రాంక్‌కేసును కడిగి, పీసీవీ వాల్వు దారిన మానిఫోల్డుకు పోతుంది. ఒక తలుపున వచ్చి మరో తలుపున పోయే గాలి. మన ఇళ్ళలో ఎదురెదురు కిటికీలు పెట్టేది ఇందుకే కదా.

టర్బో వచ్చాక తిరగబడే కథ

టర్బో పని మొదలుపెట్టగానే ఈ ఏర్పాటు తలకిందులవుతుంది. మానిఫోల్డులో ఇప్పుడు పీల్పు లేదు, తోపు ఉంది. వాతావరణం కంటే ఎక్కువ పీడనం ఉన్న చోటికి క్రాంక్‌కేసు వాయువు పోలేదు. పైగా మానిఫోల్డులోని గాలి పీసీవీ గొట్టం గుండా వెనక్కి వచ్చి క్రాంక్‌కేసులో దూరే ప్రమాదం ఉంది. అందుకే టర్బో ఇంజనులో ఈ వాల్వు బూస్టు రాగానే పూర్తిగా మూసుకోవాలి, గాలిని ఒకే వైపు పోనివ్వాలి.

మనం చెప్పుకున్న 4జీ63లో ఏర్పాటు ఇలాగే ఉంటుంది. బూస్టు లేనప్పుడు వాయువు పీసీవీ వాల్వు దారిన మానిఫోల్డుకు పోతుంది. బూస్టు రాగానే వాల్వు మూసుకుంటుంది. అప్పటిదాకా కొత్త గాలిని తెచ్చిన రెండో గొట్టంలో ప్రవాహం దిశ మారుతుంది. హెడ్ కవరు నుంచి బయటికి, టర్బో ముందున్న గాలి గొట్టంలోకి. అక్కడ టర్బో గాలిని పీలుస్తూ ఉంటుంది కాబట్టి కొంత పీల్పు ఉంటుంది. అంటే వాయువు ఎక్కువగా జారే సమయంలో, నిండా బూస్టులో, రెండు దారుల్లో ఒకటి మూతపడి భారమంతా ఒక్క గొట్టం మీద పడుతుంది.

కారు తయారుచేసినవాళ్ళు ఆ గొట్టం కొలతను తాము ఇచ్చిన బూస్టుకు సరిపడా పెడతారు. జపానులో ఈ కారు చాలా ఏళ్ళు 280 హార్స్‌పవర్ అనే ప్రకటనతోనే అమ్ముడుపోయింది. దాన్ని రెట్టింపు చేసుకునేవాళ్ళు పెద్ద టర్బో, పెద్ద ఇంజెక్టర్లు, పెద్ద ఇంటర్‌కూలరు అన్నీ పెడతారు. లోపలికి పోయే దారులన్నీ వెడల్పవుతాయి. సిలిండరులో పీడనం పెరిగినందువల్ల రింగుల పక్కనుంచి జారేదీ పెరుగుతుంది. బయటికి పోయే గొట్టం మాత్రం పాతదే.

అప్పుడు వచ్చే అనర్థాలు ఇవి. మొదటిది, ముందే చెప్పుకున్న సీళ్ళ కారుడు. రెండోది టర్బోకే ముప్పు. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. దాన్ని చల్లబరిచే నూనె పని ముగించుకుని తన బరువుతో తానే కిందికి, తొట్టిలోకి జారాలి. తొట్టిలో పీడనం ఉంటే నూనె దిగదు, టర్బోలోనే నిలుస్తుంది, పక్కలకు పొంగుతుంది. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది. టర్బో పోయిందనుకుని కొత్తది కొంటారు. అదీ పొగ వదులుతుంది.

మూడోది నూనె తుంపర. క్రాంక్‌కేసు లోపల సన్నటి నూనె తుంపర ఎప్పుడూ ఎగురుతూ ఉంటుంది. వేగంగా పోయే వాయువు దాన్ని వెంట తీసుకుపోతుంది. అది ఇంటర్‌కూలరు లోపల పూతలా అంటుకుని చల్లబరిచే శక్తిని తగ్గిస్తుంది. సిలిండరులో చేరిన నూనె వల్ల మిశ్రమం మంట తన దాకా వచ్చేవరకు ఆగకుండా తనంతట తానే పేలే గుణం పెరుగుతుంది. దాన్నే నాకింగు అంటారు. బూస్టు పెంచిన ఇంజనుకు ఇది ప్రాణాంతకం. పిస్టన్ పగలడానికి కొన్ని క్షణాల గట్టి నాకింగు చాలు.

బాగుచేసే వరస

ఇక ఈ నిశ్వాసాన్ని ఎలా మెరుగుపరుస్తారో చూద్దాం. ఇందులో వరస ముఖ్యం.

మొదట రోగం ఎక్కడుందో తెలుసుకోవాలి. కంప్రెషన్ గేజితో ఒక్కో సిలిండరు పీడనం కొలుస్తారు. తర్వాత సిలిండరులోకి బయటి నుంచి గాలి పంపి అందులో ఎంత శాతం జారిపోతోందో చూస్తారు. రింగులే అరిగి ఉంటే గొట్టాలు ఎంత పెద్దవి పెట్టినా ప్రయోజనం లేదు. జ్వరం ఉన్నవాడికి కిటికీ తెరిచి ఊరుకున్నట్టు అవుతుంది. ముందు ఇంజను విప్పాల్సిందే.

రెండోది పీసీవీ వాల్వు. ఊడదీసి చెవి దగ్గర ఊపితే లోపలి బిరడా టకటకమనాలి. మానిఫోల్డు వైపు నుంచి నోటితో ఊదితే గాలి పోకూడదు, రెండో వైపు నుంచి పోవాలి. మురికి పట్టి తెరిచి ఉండిపోయిన వాల్వు బూస్టును నేరుగా క్రాంక్‌కేసులోకి పంపుతుంది. అన్ని అనర్థాలకూ మూలం కొన్నిసార్లు ఈ చవక వస్తువే. బూస్టు బాగా పెంచినవాళ్ళు అదే గొట్టంలో బలమైన మరో ఏకదిశ వాల్వు కూడా పెడతారు.

మూడోది గొట్టాల వెడల్పు. ఇక్కడ మన గణితం పనికొస్తుంది. వృత్త వైశాల్యం వ్యాసార్థపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. లోపలి వ్యాసం 10 మి.మీ. ఉన్న గొట్టానికి బదులు 20 మి.మీ. గొట్టం పెడితే దారి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. మన లెక్కలోని సెకనుకు 2 లీటర్లు 10 మి.మీ. గొట్టంలో సెకనుకు సుమారు 25 మీటర్ల వేగంతో పరుగెత్తాలి. అంటే గంటకు 90 కిలోమీటర్లు. 20 మి.మీ. గొట్టంలో గంటకు 23 కిలోమీటర్లు చాలు, సైకిలు వేగం. వేగం తగ్గితే రెండు లాభాలు. లోపల పీడనం పేరుకోదు. నూనె తుంపరను మోసుకుపోయే శక్తి కూడా వాయువుకు తగ్గుతుంది. ఏటి నీరు నెమ్మదిస్తే ఇసుక అడుగుకు దిగినట్టే.

గొట్టం ఒక్కటి మారిస్తే చాలదు. హెడ్ కవరుకు ఉన్న మూతి సన్నగానే ఉంటే దారి అక్కడే ఇరుకు. అందుకని కవరుకు వెడల్పాటి మూతులు బిగిస్తారు. వాటి కింద లోపలివైపు అడ్డురేకులు ఉండాలి. లేకపోతే తిరిగే భాగాలు చిమ్మిన నూనె నేరుగా గొట్టంలో పడుతుంది. గొట్టాలు నూనెకూ వేడికీ తట్టుకునే రకం కావాలి. మానిఫోల్డు వైపు గొట్టం పీల్పుకు చప్పబడిపోకుండా గట్టిగా ఉండాలి. మధ్యలో ఎక్కడా ఉయ్యాలలా వేలాడకూడదు. వేలాడిన చోట నూనె, నీరు నిలిచి దారి మూస్తాయి.

నాలుగోది నూనె పట్టే డబ్బా. దీన్ని క్యాచ్ క్యాన్ అంటారు. వాయువు డబ్బాలోకి వచ్చి, అడ్డురేకులకు తగిలి మలుపులు తిరిగి, తీగ జల్లెడ గుండా పోతుంది. వాయువు తేలిక కాబట్టి మలుపు తిరుగుతుంది. నూనె బొట్లు బరువు కాబట్టి తిరగలేక రేకుకు కొట్టుకుని కిందికి కారతాయి. అడ్డురేకులు లేని ఖాళీ డబ్బా చూడటానికి మెరుస్తుంది గాని పెద్దగా పట్టదు. దీన్ని టర్బో వేడికి దూరంగా, నిటారుగా, సులువుగా అందే చోట బిగించాలి. ఎందుకంటే దాన్ని ఖాళీ చేస్తూ ఉండాలి. నిండిన డబ్బా లేని డబ్బా కంటే ప్రమాదం, ఒక్కసారిగా పోగైన నూనెంతా ఇంజను పీల్చేస్తుంది. డబ్బాలో చేరేది నూనె, నీరు, పెట్రోలు కలిసిన పాలరంగు ద్రవం. దాన్ని తిరిగి ఇంజనులో పోయకూడదు, మురుగుకాల్వలోనూ పోయకూడదు. మన దేశంలో 2016 నాటి నియమాల ప్రకారం వాడిన ఇంజన్ ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. వాడిన నూనె సేకరించేవారికే అప్పగించాలి.

ఐదో ప్రశ్న అన్నిటికంటే పెద్దది. డబ్బా దాటిన వాయువు ఎటు పోవాలి? చాలామంది డబ్బా మీద చిన్న ఫిల్టరు పెట్టి గాలిలోకి వదిలేస్తారు. ఖర్చు తక్కువ, పని సులువు. కాని ఫిల్టరు నూనె తుంపరను కొంతవరకు ఆపుతుందే తప్ప పెట్రోలు ఆవిరిని ఆపలేదు. బండి ఆగినప్పుడు ఆ ఆవిరి కారు లోపలికే వస్తుంది, వెనక సీట్లో కూర్చున్న చిన్నపిల్లలు పీలుస్తారు. మరో చిక్కు కూడా ఉంది. ఈ కార్లలో ఎయిర్ ఫిల్టరు దగ్గర పీల్చే గాలిని కొలిచి దాన్ని బట్టి పెట్రోలు ఇస్తారు. గొట్టాలను బయటికి తెరిచి, పీసీవీ వాల్వును మానిఫోల్డుకు కలిపే ఉంచితే కొలతలోకి రాని గాలి దొడ్డిదారిన లోపలికి పోతుంది. బండి నిలబడినప్పుడు ఇంజను సరిగా తిరగదు. అందువల్ల డబ్బా నుంచి తిరిగి టర్బో ముందు గొట్టానికే కలపడం మంచి పద్ధతి. దారి పొడవునా వాయువు ఇంజను లోపలే ఉంటుంది, చివరికి కాలిపోతుంది. పందెం కార్లలో ఇంకో మెట్టు ఎక్కి వాక్యూమ్ పంపుతో క్రాంక్‌కేసు గాలిని లాగేస్తారు. అది ట్రాకు మీద సంగతి.

చలి ఊళ్ళో మరో జాగ్రత్త

మన పాఠశాలల పిల్లలకు ఒక ఏడు చెన్నై అయితే మరో ఏడు లేహ్ కావచ్చు. కుటుంబంతోపాటు కారూ వస్తుంది. క్రాంక్‌కేసు వాయువులో నీటి ఆవిరి ఉంటుందని చెప్పుకున్నాం. చలి ప్రదేశంలో కొద్ది దూరాలే తిరిగే బండిలో నూనె పూర్తిగా వేడెక్కదు, నీరు ఆవిరై పోదు. ఆయిల్ మూత లోపల లేత పసుపు మీగడలాంటిది పేరుకుంటుంది. సున్నా కంటే చలి ఎక్కువైతే గొట్టంలో నిలిచిన నీరు గడ్డకట్టి దారి పూర్తిగా మూస్తుంది. ఇంజనులో తప్పేమీ లేకపోయినా సీళ్ళు తన్నుకుని నూనె పోతుంది. చలి దేశాల్లో కొన్ని కార్లకు ఈ గొట్టాన్ని ఇంజను వేడినీటితోనో కరెంటుతోనో వెచ్చగా ఉంచే ఏర్పాటు అందుకే ఉంటుంది. క్యాచ్ క్యాన్ ఉన్న బండిని చలికాలంలో మరింత తరచుగా ఖాళీ చేయాలి. వారానికి ఒకసారైనా నూనె బాగా వేడెక్కేంత దూరం నడపాలి.

రోడ్డు, ట్రాకు, మన ఇల్లు

ఇదంతా చదివి ఇంట్లో కారు మీద ప్రయోగం చేయమని మా ఉద్దేశం కాదు. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న బీఎస్-6 కాలుష్య ప్రమాణాలకు తయారైన పెట్రోలు కారులో క్రాంక్‌కేసు గొట్టాన్ని గాలిలోకి తెరిచి వదలడం ఆ ప్రమాణాలకే విరుద్ధం. బూస్టు పెంచిన ఇంజను ఉండాల్సిన చోటు పందెం ట్రాకు.

అయితే ఈ విషయం తెలిసినందువల్ల మన ఇళ్ళలోనూ ఒక మేలు ఉంది. బదిలీ అయినప్పుడల్లా పాత కారు అమ్మి, కొత్త ఊళ్ళో సెకండ్ హ్యాండ్ కారు కొనే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. పెట్రోలు కారు కొనేముందు ఇంజను నడుస్తుండగా ఆయిల్ మూత వదులు చేసి, బోర్లించి రంధ్రం మీద ఊరికే పెట్టమని మెకానిక్కును అడగండి. మూత కదలకుండా ఉన్నా, కొద్దిగా పీల్చినట్టు అంటుకున్నా మంచిదే. టపటపా ఎగిరిపడి పొగ గుప్పుగుప్పున వస్తే రింగులో వాల్వో పాడైనట్టు అనుమానించాలి. డీజిలు బండిలో కొంత ఊదడం మామూలే కాబట్టి దానికి ఇదే కొలబద్ద కాదు. ఈ పరీక్ష పెద్దవాళ్ళే చేయాలి. తిరిగే బెల్టులు, కాలే ఇంజను దగ్గర పిల్లల చేతులు ఉండకూడదు. మీరు పక్కన నిలబడి చూడండి, అడగండి.

లేత పసుపు మీగడ కనిపిస్తే ఎందుకు వచ్చిందో ఇప్పుడు మీరు చెప్పగలరు. మెకానిక్కు మూడోసారి సీలు మారుద్దామంటే, "ముందు బ్రీదర్ గొట్టం చూశారా అంకుల్?" అని మర్యాదగా అడగగలరు. భౌతికశాస్త్రంలోని పీడనం, గణితంలోని వృత్త వైశాల్యం, రసాయన శాస్త్రంలోని ఆమ్లాలు ఒక్క వేలెడు గొట్టంలో కలిసి కనిపిస్తాయి. ఈసారి ఎవరైనా బూస్టు ఎంత పెంచారో గొప్పగా చెబితే విని, తర్వాత ఒక్క ప్రశ్న వేయండి: మరి ఊపిరి ఎటు వదులుతోంది?